సంజాయిషీ అడగని ప్రేమలు

సంపాదకులకు,

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనల్లో లెస్బియన్ పాత్రలను ఎవరు రాసినా ఒకటేనన్న వాదన తరచుగా వినిపిస్తోంది. రాసే హక్కు అందరికీ ఉన్నదన్నది నిజమే గాని, ఆ జీవితం స్వయంగా ఎరిగిన రచయిత్రులు కథను ఎక్కడ మొదలుపెడతారో గమనించాలి. అటువంటి అమెరికన్ రచయిత్రి జొయానా రస్ 1972లో ప్రచురించిన ‘వెన్ ఇట్ చేంజ్డ్’ (దానికి సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే నెబ్యులా పురస్కారం దక్కింది) కథలో, మగవారంతా తరతరాల కిందటే మహమ్మారికి బలైపోయిన గ్రహం మీద, తన భార్య కేటీ కారును పిచ్చి వేగంతో నడుపుతుందని కథకురాలు చెప్పడమే మొదటి వాక్యం. వారి దాంపత్యానికి సంజాయిషీ గాని, సమర్థన గాని లేవు. భూమి నుంచి దిగిన పురుషులు మాత్రం అక్కడ సగం జాతే మిగిలిందంటూ జాలిపడతారు.

జువెల్ గోమెజ్ 1991 నాటి ‘ది గిల్డా స్టోరీస్’లో, బానిసత్వం నుంచి పారిపోయి రక్తపిశాచిగా మారిన నల్లజాతి యువతి 1850 నుంచి 2050 వరకు జీవిస్తూ, రక్తం తీసుకున్నవారికి బదులుగా వారు కోరుకునే కలనో, ధైర్యాన్నో ఇచ్చి వెళుతుంది. డ్రాకులాల దోపిడీకి అలవాటుపడిన పాఠకులకు ఇది కొత్త ఊహ. ఇటువంటి రచనలను సమీక్షకులు ‘సమస్యా సాహిత్యం’గా ముద్రవేసి, వాటిలోని లోకనిర్మాణ ప్రతిభ గురించి ఒక్క వాక్యమైనా రాయకపోవడం అన్యాయం.

ఇట్లు,
ఒక పాఠకురాలు