పుర్రచేతి కత్తి అడిగితే కాలిన కత్తి పంపారు: సర్వీస్ మేనేజర్‌కు ఫిర్యాదు

కడియపులంక,
ఆగస్టు 10.

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మడత కత్తి బ్లేడు తప్పు వైపు సానబట్టి, కాల్చి పాడుచేసినందుకు డబ్బు వాపసు కోరుతూ.

అయ్యా,

నేను నర్సరీలో మామిడి అంట్లు కడతాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. నాది ఎడమచేతి వాటం, మా వైపు పుర్రచెయ్యి అంటారు. ఈ ఉత్తరం మొత్తానికి మూలం ఆ చెయ్యే కాబట్టి ముందే చెబుతున్నాను.

మీకు పంపింది ఒపినెల్ 8వ నంబరు మడత కత్తి. బీచ్ చెక్క పిడి, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల కార్బన్ స్టీల్ బ్లేడు, తెరిచాక మడత పడకుండా తిప్పి బిగించే రింగు. మా బావగారి అబ్బాయి ఫ్రాన్స్ నుంచి తెచ్చి ఇచ్చాడు. కూరగాయలకీ తాడు కొయ్యడానికీ బంగారంలాంటి కత్తి. కానీ దాని బ్లేడుకి రెండు పక్కలా వాలు ఉంటుంది. అంటు కట్టే కత్తికి ఒక పక్క వాలు ఉండాలి, రెండో పక్క అద్దంలా చదునుగా ఉండాలి. ఆ చదును పక్క పుల్లకి ఆనుకుని నడిస్తేనే కోత తిన్నగా వస్తుంది. కుడిచేతి వాళ్ళకి చదును ఏ పక్క ఉంటుందో, నాకు దానికి ఎదుటి పక్క ఉండాలి. బజార్లో దొరికే అంటు కత్తులు దాదాపు అన్నీ కుడిచేతివే. రంపపు బ్లేడు ముక్కతో కమ్మరి నాకు చేసిచ్చిన పాత కత్తి అరిగి అరిగి పుల్లలా అయిపోయింది. అందుకే ఈ ఒపినెల్‌నే ఎడమచేతి అంటు కత్తిగా సానబట్టించుకుందామని మీ దగ్గరికి వచ్చాను.

మే 26న కొరియర్ చేశాను. మీ ఫారంలో "ఒక పక్క వాలు, ఎడమ చేతికి" అని రాశాను. అంతటితో ఊరుకోకుండా కాగితం మీద కత్తి బొమ్మ గీసి, చదును ఉండాల్సిన పక్కకి బాణం గుర్తు పెట్టి వాట్సాప్‌లో ఫోటో పంపాను. మీ వాళ్ళు బొటనవేలు బొమ్మతో జవాబిచ్చారు. 1,400 రూపాయలు ముందే కట్టాను. వారంలో ఇస్తామన్న కత్తి జూన్ 20న వచ్చింది.

విప్పి చూస్తే కత్తి తెరుచుకోలేదు. పిడి నీళ్ళు తాగి ఉబ్బి బ్లేడుని పట్టేసింది. ఈ కత్తికి అది మామూలేనట. అది పుట్టిన సవోయ్ ప్రాంతంలో పిడి వెనక కొసని దేనికైనా టకటకా కొట్టి బ్లేడు బయటికి రప్పిస్తారని కత్తి తెచ్చిన మా వాడు ఫోన్‌లో చెప్పాడు. అలాగే కొడితే వచ్చింది. నాలుగు రోజులు పొయ్యి గట్టు మీద పెడితే సర్దుకుంది కూడా. దీన్ని ఫిర్యాదుగా లెక్కెయ్యడం లేదు.

మొదటి పుల్ల చెక్కగానే తెలిసిపోయింది. చదును కుడిచేతి వాళ్ళకి ఉండే పక్కే ఉంది. మీకు ఫోన్ చేశాను. మాట్లాడినాయన చాలా మర్యాదగానే, "కొన్నాళ్ళు వాడండి సార్, అలవాటైపోతుంది, లేదంటే కుడి చేత్తో ట్రై చెయ్యండి" అన్నారు. నలభై ఆరేళ్ళ వయసులో, సీజన్ నడుమ, చెయ్యి మార్చుకోమన్నారు.

మీకు ఇది చిన్న తేడాలా అనిపించవచ్చు, అందుకే జరిగేది చెబుతాను. మేం సయాన్ పుల్లని (మంచి చెట్టు నుంచి కోసిన అంటు పుల్లని) రెండు పక్కలా నాలుగైదు సెంటీమీటర్ల పొడవున ఏటవాలుగా చెక్కి, టెంక నుంచి మొలిచిన మొక్క తల కోసి, కాండం చీల్చి అందులో దింపుతాం. బెరడు కింద పల్చటి పచ్చ పొర ఉంటుంది. పుల్లలోని పొరా, మొక్కలోని పొరా ఒకదానికొకటి తగిలితేనే అతుకుతాయి. వాలు పక్క పుల్లకి ఆనితే కత్తి పైకి తేలిపోతూ ఉంటుంది, అదిమితే మధ్యలో గుంట పడుతుంది. పైన ప్లాస్టిక్ పట్టీ ఎంత బిగించి కట్టినా ఆ గుంటలో గాలి ఉంటుంది, తరవాత బూజు ఉంటుంది.

ఇంకో సంగతి. ఇరవై పుల్లలు చెక్కేసరికి పదును చచ్చిపోయేది. నూరితే వచ్చేది, మళ్ళీ ఇరవైకి పోయేది. మా కమ్మరికి చూపించాను. ఆయన ఆకురాయి తీసి మడత దగ్గర పెట్టాడు, జారిపోయింది. మొన దగ్గర పెట్టాడు, కరకరా కరిచింది. "పాయనం పోయింది" అన్నాడు, అంటే ఉక్కుకి పట్టించిన గట్టితనం పోయిందని. మడత దగ్గర సుమారు సెంటీమీటరు మేర మీ సాన బెల్టు అసలు తగల్లేదు, అక్కడ ఉక్కు ఇంకా గట్టిగానే ఉంది. (అంటు కోత మడత దగ్గర మొదలై మొనకి ఒకే లాగులో రావాలి, కాబట్టి ఆ సెంటీమీటరు వదిలెయ్యడమూ తప్పే.) మీరు చెయ్యి పెట్టినంత మేరే మెత్తబడింది.

మీ వాళ్ళు ఫోన్‌లో "మా దగ్గర బ్లేడు వేడెక్కే ప్రసక్తే లేదు" అన్నారు కాబట్టి ఒక ఫోటో జత చేస్తున్నాను. బ్లేడుని గోటితో లాగి తెరవడానికి ఉండే గాడి అడుగున చూడండి. నెమలికంఠం రంగు కనిపిస్తుంది. కార్బన్ ఉక్కు వేడెక్కేకొద్దీ ముందు ఎండుగడ్డి రంగు, తరవాత గోధుమ, ఊదా, 300 డిగ్రీల దగ్గర నీలం వస్తాయి. నీలం వచ్చిందంటే పదును నిలబెట్టే గట్టితనం పోయినట్టే. మీ వాళ్ళు పాలిష్ పట్టి పైపైన ఆ రంగు తీసేశారు, గాడిలోకి మాత్రం పాలిష్ చక్రం దిగలేదు. రంగు తుడిస్తే మెత్తదనం పోదు.

జూన్ 27న ఈ కత్తితో కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి అంట్లు అరవై కట్టాను. అదే రోజు, అదే చెట్టు పుల్లలతో, మా ఆవిడ తన కత్తితో అరవై కట్టింది. ఒకే షెడ్డు కింద పక్కపక్కనే పెట్టాం. నలభై రోజులకి లెక్కపెడితే బతికినవి ఆవిడవి యాభై ఒకటి, నావి పద్నాలుగు. వానలకి పోయాయని సర్దిచెప్పుకుందామంటే ఆ వానలు ఆవిడ అంట్ల మీదా కురిశాయి. ఇంట్లో ఈ లెక్క రోజుకోసారి వినిపిస్తోంది, దానికి మాత్రం నష్టపరిహారం అడగను.

"కస్టమ్ పనికి వాపసు లేదు" అన్నది మీ చివరి జవాబు. నేను చెప్పినట్టు చేసి ఉంటే నోరెత్తేవాణ్ణి కాదు. నేను గీసిచ్చిన బొమ్మకి ఎదుటి పక్క సానబట్టి దాన్ని కస్టమ్ అంటే ఎలాగండీ? మళ్ళీ పంపితే ఉచితంగా సరిచేస్తామన్నారు. కాలిన మేరంతా తీసేస్తే మిగిలేది చెవిలో గులిమి తీసుకునే పుల్ల. కాబట్టి వద్దు.

నాకు కావాల్సింది ఇది. సానకి కట్టిన 1,400, రానూ పోనూ కొరియర్ 360, ఇదే రకం కొత్త కత్తి ధర, మొత్తం ఈ నెల 25 లోపు నా ఖాతాలో వెయ్యండి. పోయిన అంట్ల సంగతి అప్పుడు వదిలేస్తాను. లేకపోతే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, తరవాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మా జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. నేనుండే చోటే వెయ్యవచ్చు, 5 లక్షల లోపు దానికి ఫీజు కూడా లేదు. అప్పుడు నలభై ఆరు అంట్లూ లెక్కలోకి వస్తాయి.

కత్తి మీకు పంపడం లేదు, సాక్ష్యంగా నా దగ్గరే ఉంచుకుంటున్నాను. మీ మనిషి వచ్చి చూస్తానంటే చూపిస్తాను. ఆదివారం తప్ప ఏ రోజైనా పొద్దున్న ఆరు నుంచి షెడ్డులోనే ఉంటాను.

ఇట్లు,
మీ రసీదులో పేరున్న కస్టమర్

జత చేసినవి: రసీదు, నేను గీసిన బొమ్మ, దాని కింద మీ బొటనవేలు, గోటి గాడి ఫోటో.