ఆ నాలుగో బోల్టు

శీనూ,

ముందు తిట్టేసుకో, తర్వాత చదువు. జవాబు రాయడం బాగా ఆలస్యమైంది. ఇంట్లో అంతా కులాసానే. అమ్మ మోకాలు ఫర్వాలేదు, పిల్లాడి పరీక్షలు అయిపోయాయి. మిగతా కబుర్లు ఇంకోసారి. ఇప్పుడు నా బుర్రంతా నువ్వు పంపిన ఇంటి పునాది ఫోటోల్లోనే ఉంది. సిల్ ప్లేటు, అదే పునాది కాంక్రీటు మీద మొదట పరిచే చెక్క, ఇంకా వెయ్యలేదు కదా? వెయ్యకు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా రెంచి ముట్టుకోకు.

వెనక గోడ పునాది మీద టేపు పరిచి తీసిన ఫోటో ఉంది చూడు, అందులో బోల్టులు మూల నుంచి 1, 6, 11 అడుగుల దగ్గర బుద్ధిగానే ఉన్నాయి. నాలుగోది 15 అడుగుల 10 అంగుళాల దగ్గరుంది. నువ్వు కొన్నవి 16 అడుగుల చెక్కలు. అంటే మొదటి చెక్క చివర ఆ బోల్టుకి రెండంగుళాల దూరంలో పడుతుంది. అమెరికా రెసిడెన్షియల్ కోడ్, అంటే ఇళ్ళు కట్టే నిబంధనల ప్రకారం ప్రతి ముక్కకీ కనీసం రెండు బోల్టులుండాలి. చివరి బోల్టు ముక్క కొసకి 12 అంగుళాల లోపే ఉండాలి, కానీ బోల్టు వ్యాసానికి ఏడు రెట్ల కంటే దగ్గరగా రాకూడదు. అరంగుళం బోల్టుకి అది మూడున్నర అంగుళాలు. రెండంగుళాల చెక్కే మిగిలితే, గోడ ఒక్కసారి గట్టిగా లాగిందంటే కొస పెళుక్కుమని చీలి ఊడొస్తుంది, బోల్టు ఉన్నా లేనట్టే.

ఆ అతుకుని అక్కడే ఉంచితే అటొకటి, ఇటొకటి, రెండు కొత్త యాంకర్లు, అంటే కాంక్రీటులోకి బిగించే బోల్టులు, దింపాలి. దానికంటే మొదటి చెక్కని 11 అడుగుల 8 అంగుళాలకి కొయ్యి. 11 దగ్గరున్న బోల్టు కొసకి 8 అంగుళాల్లో పడుతుంది, బంగారం. రెండో చెక్క మొదట్లో, 12 అడుగుల 4 అంగుళాల దగ్గర, ఒక్క యాంకరు దింపితే చాలు. తగువు పెట్టిన ఆ నాలుగో బోల్టు రెండో చెక్కకి నడిమిలోకి వచ్చేస్తుంది. ఎలా ఉంది లెక్క? మూలమట్టం మాస్టారు వింటే ఈసారైనా నూటికి నలభై వేసేవాడు.

కొత్త యాంకరుకి ఎపాక్సీ జిగురుతో మరరాడ్డు వాడతావో, స్క్రూ యాంకరు వాడతావో ఇన్‌స్పెక్టరుని ముందే అడుగు. ఎపాక్సీ అయితే రంధ్రం తొలిచాక గాలి ఊది, తీగ బ్రష్షుతో తోమి, మళ్ళీ ఊదు. ఎన్నిసార్లన్నది ట్యూబు మీదే రాసి ఉంటుంది, అంతకి తగ్గకు. లోపల కాంక్రీటు పొడి మిగిలితే జిగురు పొడికి అంటుకుంటుంది, గోడకి కాదు. లాగి చూస్తే రాడ్డు ఎపాక్సీ తొడుగుతో సహా బయటికొచ్చేస్తుంది.

కాంక్రీటు పోశాక చేత్తో గుచ్చినట్టున్నారు ఆ బోల్టుల్ని. ఒకటి వాలి ఉంది. దాన్ని సుత్తితో మాత్రం కొట్టకు, మరలు పాడైపోతాయి, మొదట్లో కాంక్రీటు చిట్లుతుంది. బోల్టు కాంక్రీటు పైకి ఎంత తేలిందో కూడా కొలిచి చూడు. చెక్క మందం ఒకటిన్నర, దాని కింద పరిచే ఫోము, పైన వాషరు, నట్టు, అన్నీ కలిపి రెండుంపావు నుంచి రెండున్నర అంగుళాలు కావాలి. పొట్టిగా ఉంటే చెక్కని తొలిచి నట్టుని లోపలికి దించే తెలివి చూపించకు. ఉన్న మందమే ఒకటిన్నర, దాన్నీ కొరికేస్తే ఇంకేం మిగులుతుంది? పక్కన ఇంకో యాంకరు వేసుకో.

ఇక వాషర్లు. డబ్బాలో మామూలు గుండ్రటివి కనబడ్డాయి. మీది భూకంపాల ప్రాంతం, అవి చాలవు. 3 అంగుళాల చదరం, 0.229 అంగుళాల మందం ఉన్న పలక వాషర్లు తెచ్చుకో. ఎందుకంటే భూకంపం గోడని పక్కకి తోసినప్పుడు దాని ఒక కొస లేవాలని చూస్తుంది. ప్లైవుడ్డుకి కొట్టిన మేకులు సిల్ ప్లేటు బయటి అంచుని పట్టి పైకి లాగుతాయి. బోల్టేమో నడిమిని కిందకి బిగబట్టి ఉంచుతుంది. పాపం చెక్క ఈ రెంటి మధ్యా వంగి, నార వెంబడి, బోల్టుల వరస మీదుగా బారునా చీలుతుంది. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో ఇలాంటి చీలికలు చూశాకే ఈ పెద్ద వాషర్లు నిబంధనల్లోకి ఎక్కాయి. ప్లైవుడ్డు కొట్టే వైపు వాషరు అంచు, చెక్క అంచుకి అరంగుళం లోపు ఉండాలి. నీ రెండు-బై-ఆరు చెక్క వెడల్పు నిజానికి ఐదున్నర అంగుళాలే కదా, బోల్టు సరిగ్గా నడిమిన ఉంటే 3 అంగుళాల వాషరు అంచుకి అంగుళంపావు ఇవతలే ఆగిపోతుంది. అలాంటి చోట నాలుగున్నర అంగుళాలది తెచ్చుకో. బోల్టు ఇప్పటికే కాస్త బయటికి ఉన్నచోటైతే కోల రంధ్రం ఉన్న వాషరుని బయటికి జరిపి, దాని మీద మామూలు గుండ్రటిదొకటి వేసి నట్టు బిగించు. ఇప్పుడు ఆ గుండ్రటివి పనికొచ్చాయి, సంతోషమేనా?

అన్నట్టు చెల్లెమ్మ కిటికీ ఎటువైపో తేల్చిందా? తేలకపోతే ఈ ఉత్తరంలో ఆ మాట ఎత్తలేదనుకో.

చెక్క పరిచే ముందు పునాది మూలలు చూడు. భుజాలు 3, 4 అయితే కర్ణం 5 రావాలనే 3-4-5 కొలత, ఆ తర్వాత రెండు కర్ణాలూ సమానమో కాదో. కాంక్రీటు అంచు వంకరగా ఉంటే ఉండనీ, నీ చాక్ లైను, అదే సుద్ద తాడుతో కొట్టే గీత, మాత్రం చదరంగా ఉండాలి, చెక్క గీతనే పట్టుకుని పోవాలి. మట్టానికి రసమట్టమో లేజరో వాడు. నీ కంటి మట్టం వద్దు బాబూ, నీళ్ళ డ్రమ్ము సంగతి ఊరంతా చూసింది. ఎత్తుగా ఉన్నచోట గ్రైండరు పెట్టు, పల్లంగా ఉన్నచోట కుంచించుకుపోని గ్రౌటు నింపు. కింద సందు వదిలేసి నట్టు బిగిస్తే చెక్క వంగుతుంది, దాని మీద నేల, నేల మీద గోడ, అన్నీ ఆ పల్లంలోకే దిగుతాయి.

రంధ్రాలకి 9/16 అంగుళాల బిట్టు చాలు. బోల్టు సులువుగా దూరాలని ముప్పావంగుళం తొలిచేస్తారు చాలామంది, అప్పుడు ఇల్లు కాస్త జారాక గానీ బోల్టు చెక్కని పట్టుకోదు. కోసిన ప్రతి కొసకీ, తొలిచిన ప్రతి రంధ్రానికీ కాపర్ నాఫ్తనేట్ అనే చెక్క పుచ్చకుండా కాపాడే మందు పుయ్యి, ఎందుకంటే కొనేటప్పటికే చెక్కకి పట్టించిన మందు పైపొరల్లోకే ఎక్కి ఉంటుంది, లోపలంతా మందు తగలని చెక్కే. 2003 తర్వాత ఇళ్ళకి ఆర్సెనిక్ మందు చెక్క ఆగిపోయి రాగి మందులవి వచ్చాయి, అవి ఇనుముని తినేస్తాయి. కాబట్టి మేకులూ పట్టీలూ హాట్-డిప్ గాల్వనైజ్డ్‌వే, తళతళలాడే పల్చటి పూతవి పక్కన పడెయ్యి. ఫోము చుట్ట మర్చిపోకు, గాలి రాకుండానూ కాంక్రీటు తేమ చెక్కలోకి పాకకుండానూ అదే అడ్డం. చెదలకి మాత్రం అది అడ్డం కాదు, దానికి వేరే రేకు...

అదిగో హారను కొడుతున్నాడు, పోవాలి. ఒక్కటి మాత్రం, ఈ మందు చెక్క తడిగా వస్తుంది, ఆరాక మందం తగ్గి నట్లు వదులవుతాయి. పైన నేల పరిచేసే ముందు ఒక్కొక్క నట్టూ మళ్ళీ బిగించు. కర్ణాల అంకెలు రెండూ పంపు, చెద రేకు గురించి

మళ్ళీ రాస్తా.

నీ
రఘు