బాస్ లేని చెరువులో బాస్ లూర్లు

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో బాస్ చేపల వేట మీద ఒక పేజీ వేశారు. నేను పేపరు తెరవకముందే మా మేనల్లుడు దాన్ని పట్టుకొని ఇంటికి వచ్చేశాడు. "మామా, దీంట్లో పదమూడు రకాల లూర్లు రాసినారు, సెట్టు మొత్తం ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేదా, రాయలచెరువులో వేద్దాం" అన్నాడు. పేజీ అంతా చదివాను. బాగుంది, బొమ్మలైతే ఇంకా బాగున్నాయి, లూర్ల గురించి, అంటే చేపను మోసం చేసే ఉత్తుత్తి ఎరల గురించి చెప్పినదాంట్లో పెద్ద తప్పులేమీ లేవు. ఒక్క ముక్క మాత్రం ఎక్కడా రాయలేదు. ఆ చేప మన చెరువుల్లో లేదు.

బొమ్మలో నోరు బార్లా తెరిచి నీళ్లలోంచి ఎగిరిన ఆ ఆకుపచ్చ చేప లార్జ్‌మౌత్ బాస్. ఉత్తర అమెరికా దాని సొంతూరు. అక్కడి నుంచి జపాన్‌కు, ఇంకా చాలా దేశాలకు తీసుకెళ్లి వదిలారు. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ పట్టిన చేపా, 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టిన చేపా రెండూ పది కిలోల పైచిలుకు తూగి బరువులో ప్రపంచ రికార్డును చెరిసగం పంచుకున్నాయి. మన వైపు నలభై ఏళ్లుగా గాలం పట్టుకొని తిరుగుతున్నా, నాకు అది ఒక్కసారి కూడా తగల్లేదు, తగిలిందని చెప్పినవాడూ లేడు. "మరి చేపల మార్కెట్లో సీ బాస్ అని అమ్ముతారు కదా మామా" అని మావాడు అడ్డం తగిలాడు. అది పండుగప్పరా నాయనా, పులికాట్ వైపు నుంచి వచ్చేది, ఉప్పునీళ్లలోనూ మంచినీళ్లలోనూ బతుకుతుంది, పేరు కలిసింది గానీ అమెరికా దానికి చుట్టం కూడా కాదు.

అందుకని పేజీ చించి పారేయమని అనను. బాస్ కోసం వాళ్లు కనిపెట్టిన పద్ధతుల్లో సగానికి సగం మన కొర్రమీనుకు అచ్చంగా సరిపోతాయి. రెండూ గుబురు కింద నీడలో పొంచి ఉండి, దగ్గరికి వచ్చినదాన్ని ఒక్క ఊపులో నోట్లో వేసుకునేవే. పైగా కొర్రమీను అప్పుడప్పుడూ పైకొచ్చి గాలి పీల్చుకోకపోతే బతకదు కాబట్టి ఎక్కడుందో అదే మనకు చూపిస్తుంది, బాస్ వేటగాళ్లకు ఆ సుఖం లేదు. లూర్లు కొనేముందు ఒక సాయంత్రం చెరువు కట్ట మీద ఊరికే కూర్చోండి. ఎక్కడ జమ్ము ఉంది, ఎక్కడ తామరాకు పరుచుకుంది, నీళ్లు తేటగా ఉన్నాయా ఎర్రమట్టి కలిసిందా, గాలికి పైకొచ్చిన చేప సుడి ఎక్కడ లేస్తోంది, ఇవి చూసుకున్నాక రెండు మూడు లూర్ల కంటే ఎక్కువ కొనాలని అనిపించదు.

ఈ తెలివి నాకు ఊరికే రాలేదు లెండి. కొన్నేళ్ల కింద నేనూ 1,800 రూపాయలు పోసి ముప్పై లూర్ల డబ్బా తెప్పించుకున్నవాణ్ణే. అందులో ఎక్కువ భాగం క్రాంక్‌బెయిట్లు, అంటే ముందర పెదవిలాగ ప్లాస్టిక్ పలక ఉండి, లాగేకొద్దీ వణుకుతూ లోపలికి దిగేవి. పలక పొడుగ్గా ఉంటే లోతుకు పోతుంది, పొట్టిగా ఉంటే పైపైనే ఈదుతుంది. కడుపు కింద ఒకటి, తోక దగ్గర ఒకటి, మూడేసి ముళ్ల గాలాలు. పెనుమూరు వైపు ఒక చెరువులో తెల్లవారి ఆరింటికి మొదలుపెట్టాను. మొదటి విసురుకే మునిగి ఉన్న తుమ్మకొమ్మకు ఒకటి అర్పణం. ఎనిమిదిన్నరకల్లా ఆరు పోయాయి. ఏడోది కూడా చిక్కుకుంటే కోపమొచ్చి రాడ్ వంచి గట్టిగా లాగాను, అది చటుక్కున ఊడి రాయిలాగ వచ్చి నా కళ్లద్దాల మీద కొట్టింది. అద్దం పగిలింది, కన్ను మిగిలింది. అప్పటినుంచి లూర్ చిక్కుకుంటే రాడ్ కింద పెట్టి, దారాన్ని ఒక పుల్లకు చుట్టి, ముఖం అటు తిప్పుకొని లాగుతాను. మీ పేజీలో కళ్లద్దాల మాట లేదు, పదమూడు లూర్ల కంటే ముందు రాయాల్సింది అది.

క్రాంక్‌బెయిట్ చెడ్డదని కాదు. పెద్ద జలాశయాల్లో, కట్టకు రాళ్లు పరిచిన చోట, గుబురు లేని నీళ్లలో బాగా పనిచేస్తుంది. రాయికి తగిలి పక్కకు తప్పుకున్నప్పుడే చేప కొడుతుందని బాస్ పట్టేవాళ్లు చెప్పే మాట నిజమే. మన ఊరి చెరువులు అలా ఉండవు కదా. గుర్రపు డెక్క, జమ్ము, నాచు, నీళ్లలో సగం మునిగిన తుమ్మచెట్లు. అలాంటి చోట ముల్లు బయటికి కనపడే లూర్ ఏదైనా డబ్బులు నీళ్లలో పోసినట్టే.

ముల్లు దాచుకునేవి రెండున్నాయి. ఒకటి టెక్సాస్ రిగ్. మెత్తటి ప్లాస్టిక్ వానపాము, దాని ఒంట్లోనే గాలం మొనను గుచ్చి దాచేస్తారు, ముందర తూటాలాంటి చిన్న బరువు. ప్లాస్టిక్ వానపామును 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ ఊళ్లో నిక్ క్రీమ్ అనే ఆయన తయారుచేశాడు, బాస్ వేట అంతా దానితోనే మారిపోయింది. దాన్ని విసిరి, అడుక్కు దిగనిచ్చి, రాడ్ మొనతో కొంచెం ఎత్తి మళ్లీ వదలడమే. తొందరపడేవాళ్లకు ఇది పనికిరాదు, మా మేనల్లుడికి అసలే పనికిరాదు.

రెండోది రబ్బరు కప్ప. నా ఓటు దీనికే. లోపల బోలుగా ఉంటుంది, రెండు ముళ్లు వీపుకు అతుక్కొని పైకి చూస్తుంటాయి, ఆకుల మీదుగా లాగినా పట్టుకోవు. చేప నోట్లో పెట్టి నొక్కినప్పుడే రబ్బరు అణిగి ముళ్లు బయటపడతాయి. కాబట్టి కొనేటప్పుడు బొటనవేలితో నొక్కి చూడండి. ముళ్లు సులువుగా బయటికి రాకపోతే రబ్బరు గట్టిదని లెక్క, వేడినీళ్లలో కాసేపు వేస్తే కొంచెం మెత్తబడుతుంది. అయినా చాలకపోతే ప్లయర్‌తో ముళ్లను వెంట్రుకవాసి పైకి వంచుతాను. వెనక కాళ్లకు బదులు రబ్బరు కుచ్చులు వేలాడుతుంటాయి కదా, వాటిని అంగుళం మేర కత్తిరిస్తాను. లేకపోతే చేప ఆ కుచ్చు పట్టుకొని కప్పను వదిలేస్తుంది, మనం రాడ్ ఎత్తి కొట్టాక కుచ్చు తెగి వస్తుంది. నాలుగైదు విసుర్లకోసారి కప్పను తీసి పిండాలి, లోపలికి నీళ్లు చేరి మునిగిపోతుంటుంది.

విసిరేది సుడి మీదకు కాదు. సుడికి రెండు మూడు గజాలు అవతల వేసి, మెల్లగా దాని మీదుగా తేవాలి. ఆకు అంచు దగ్గర ఆపాలి. ఆపి, దారం వదులుగా ఉంచి, పది లెక్కపెట్టి, రాడ్ మొనను చిన్నగా తడితే కప్ప ఆకు మీది నుంచి నీళ్లలోకి దూకినట్టు పడుతుంది. తొంభై పాళ్లు చేప కొట్టేది అక్కడే. "బొళక్" మని శబ్దం వస్తుంది, గుండె నోట్లోకి వస్తుంది, చేతులు వాటంతట అవే లాగేస్తాయి. లాగకూడదు. మా నాయన వెదురు బొంగుతో పట్టే రోజుల్లో నా వెనక నిలబడి "మింగనీరా, మింగనీ" అని తిట్టేవాడు, ఇప్పుడూ అదే. కప్ప కనపడకుండా పోయి దారం బిగిసిందాకా ఆగి, అప్పుడు గట్టిగా పైకి కొట్టాలి. చేప తప్పిపోతే లూర్‌ను గబగబా చుట్టేసుకోవద్దు, ఉన్నచోటే ఉంచండి. కొర్రమీనుకు పంతం ఎక్కువ, తిరిగి వస్తుంది. తగిలాక మాత్రం దానికి ఒక్క క్షణం ఇచ్చినా గుబురులో దూరి దారాన్ని జమ్ముకు చుట్టేస్తుంది. అందుకే సన్నటి నైలాన్ దారం వద్దు, నలభై యాభై పౌండ్ల బరువుకు ఆగే అల్లిన దారం, గట్టి రాడ్ కావాలి.

రంగుల గురించి మీ పేజీలో సగం కాలమ్ రాశారు. నాకు తెలిసింది రెండు ముక్కలు. చేప కప్పను కింద నుంచి చూస్తుంది కాబట్టి వీపు మీద ఎన్ని చుక్కలు, ఎన్ని చారలు ఉన్నా అవి కొనేవాడి కోసమే, చేపకు కనపడేది కడుపు. తేటనీళ్లయితే తెల్లటి కడుపు, మసక వెలుతురులో నల్లటిది, ఆకాశం ముందర నలుపే బాగా కనిపిస్తుంది. మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి, చెరువు నిండి మొరవ పోయే రోజుల్లో నీళ్లు కాఫీ రంగులో ఉంటాయి, అప్పుడు కంటికంటే ఒంటి పక్కన ఉండే గీతతో, నీటి అదురును బట్టి చేప వెతుక్కుంటుంది. గుండ్రటి రేకు తిరిగే స్పిన్నర్‌బెయిట్ అప్పుడు పనికొస్తుంది, గుండ్రటి రేకు ఎక్కువ అదురుతుంది, ఆకులాంటి పొడుగు రేకు తేటనీళ్లలో మెరుస్తుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఏ లూర్ వేసినా చెమట తప్ప ఏమీ రాదు. తెల్లారేప్పుడు, పొద్దుగూకేప్పుడు వెళ్లండి.

ఎరల సంగతి రెండు ముక్కల్లో. రోహు, బొచ్చె కోసం లూర్ పట్టుకొని కూర్చుంటే పొద్దుపోవడమే, వాటికి తవుడు, శెనక్కాయ చెక్క ముద్ద. జిలేబి చేపకు చిన్న గాలం, మైదా పిండి లేదా వానపాము. కొర్రమీనుకని బతికున్న కప్పను గాలానికి గుచ్చే పిల్లల్ని ఇంకా చూస్తున్నాను, రబ్బరు కప్ప రెండొందలకు దొరుకుతున్నప్పుడు అదేం పని? పురుగుల్ని తినే కప్పలు పోతాయని 1987లో కప్పకాళ్ల ఎగుమతినే ఆపేసిన దేశం మనది.

ఇక అసలు కోపం. పోయిన వేసవిలో మా పక్క ఊరి చెరువు తగ్గి బురద తేలింది. ఎవరో వదిలేసిన లూర్, దాని మూడు ముళ్ల గాలం, బర్రె గిట్టల మధ్య దిగింది. పశువుల డాక్టరు వచ్చి ముల్లు మొనను అవతలికి పొడిచి, కట్టర్‌తో తుంచి తీసేదాకా ఆ నోరులేని జీవం మూడు కాళ్ల మీద నిలబడింది. ఆ బర్రె గల అవ్వ నా చేతిలో రాడ్ చూసి, "చేపలు మీరు తినేది, ముళ్లు మా గొడ్లకా నాయనా?" అంది. నాది కాదవ్వా అని చెప్పడానికి నోరు రాలేదు, నావి ఆరు ఇంకా పెనుమూరు వైపు చెరువులో ఉన్నాయి కదా. ఇప్పుడు నేను మూడు ముళ్ల గాలాలు తీసేసి ఒంటిముల్లు వేసుకుంటున్నాను, దాని పక్కముల్లును కూడా ప్లయర్‌తో అణిచేస్తున్నాను. చేపలు కొన్ని జారిపోతాయి. పోనీ.

ఇంకొకటి, మీ పేజీలో బాస్ గూడు కాసే రోజుల్లో సులువుగా దొరుకుతుందని చిట్కాలాగ రాశారు. గుడ్లను కాసేది మగ బాస్, ఆకలితో కాదు కోపంతో లూర్‌ను కొడుతుంది. మన కొర్రమీను కూడా అంతే. వానల్లో నీళ్ల మీద ఎర్రగా, గుప్పెడు చిన్న చేపపిల్లల మూక ఉడుకుతున్నట్టు కదులుతుంటే కింద తల్లిదండ్రులు ఉన్నట్టే. ఆ మూక మధ్యలో కప్ప వేస్తే ఎంత చేతకానివాడికైనా చేప పడుతుంది. పట్టుకున్న పది నిమిషాల్లో జెల్లలూ మిగతా చేపలూ ఆ పిల్లల్ని ఖాళీ చేస్తాయి. చెరువు వేలం పాడుకున్న సంఘం వాళ్లు గాలం వాళ్లను చూస్తే కర్రలెత్తుతున్నారంటే దీనికే, వాళ్లను తప్పుపట్టలేను. అడిగి వెళితే చాలాచోట్ల కాదనరు, నన్నైతే ఇద్దరు టీ ఇచ్చి కూర్చోబెట్టారు కూడా. తిరుపతికి తాగునీళ్లిచ్చే కల్యాణి డ్యామ్ వైపు మాత్రం గాలం తీసుకెళ్లొద్దని మావాడికి గట్టిగా చెప్పాను.

మళ్లీ ఈ పేజీ వేస్తే బాస్ బొమ్మ బదులు కొర్రమీను బొమ్మ వేయండి. మీ దగ్గర లేకపోతే నేను పంపుతాను, పోయిన నెల పట్టి వదిలేసిన కిలోంబావు చేపది ఫోన్లో ఉంది, మేనల్లుడి బొటనవేలు కొంచెం అడ్డం వచ్చింది. వాడు సెట్టు ఆర్డర్ పెట్టలేదు. రెండు కప్పలు కొన్నాడు, ఒకటి నల్లది, ఒకటి తెల్లకడుపుది, తెల్లదాన్ని అప్పుడే తుమ్మచెట్టుకు తగిలించి వచ్చాడు. ఆదివారం దాన్ని దింపడానికి వెళుతున్నాం.

– ఒక పాఠకుడు, చంద్రగిరి