అసైన్డ్ భూమి ఎవరిదిరా?

ఒరేయ్ శ్రీనూ,

ఆస్తిహక్కు లేకపోతే స్వేచ్ఛే లేదని నువ్వు, అమ్ముకోనిస్తే పేదోడి చేతిలో సెంటు కూడా మిగలదని మీ బావ. పండక్కి కలిస్తే మీకిదే గోల! ఆ ఇజాలు కాసేపు పక్కనపెట్టి మన అసైన్డ్ భూముల, అంటే సర్కారు పేదలకు పంచిన భూముల చట్టం చూడండి. 1977 నాటి 9వ నంబరు చట్టం అది.

అలా పంచేటప్పుడు సర్కారిచ్చే కాగితమే డి-పట్టా. అది ఇచ్చిన భూమిని దున్నుకోవచ్చు, పిల్లలకు వదలొచ్చు, బ్యాంకులోనో సొసైటీలోనో తాకట్టు పెట్టొచ్చు. అమ్మకం, దానం, కౌలు మాత్రం కుదరవు. అచ్చం మీ బావ కోరుకునే రక్షణే.

అయినా అమ్మకాలు ఆగాయా? ఆస్పత్రి ఖర్చు చట్టాన్ని అడిగి రాదు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో ఉంటుంది కాబట్టి సబ్ రిజిస్ట్రార్ దస్తావేజు ముట్టడు. దాంతో తెల్లకాగితం మీద అగ్రిమెంటు రాసుకుంటారు. రేపు పోతుందేమోనన్న భయాన్ని కొనేవాడు ముందే ధరలో కోసేస్తాడు. గట్టుకి అవతల సొంత పట్టా పొలానికి పలికే రేటు ఇక్కడ కలలో మాట. ఆ కోత పడేది పేదోడికే! తహసీల్దారు పట్టుకుంటే నోటీసిచ్చి, కొన్నవాణ్ణి ఖాళీ చేయించి, భూమి పాత అసైనీకే, అంటే మొదట డి-పట్టా పొందినవాడికే అప్పగించాలి. మళ్లీ అమ్మితే సర్కారుకి జమ. కాగితం మీద బాగానే ఉంది. కానీ కొన్నవాడు ఊళ్లో పెత్తందారైతే ఆ నోటీసు కదిలేనా?

సర్కారే తీసుకుంటే ఇంకో పేచీ. అవసరమైతే వెనక్కి తీసుకుంటామన్న పట్టా షరతు చూపించి పరిహారం ఎగ్గొట్టేవాళ్లు. 2004లో చేవెళ్ల ఆర్డీవో కేసులో హైకోర్టు, పట్టాదారుతో సమానంగా మార్కెట్ ధర కట్టాలంది. 1978లో 44వ సవరణతో ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల్లోంచి పోయినా, 300ఏ అధికరణం కింద రాజ్యాంగ హక్కుగా ఉందిగా.

ఆంధ్రాలో 2023లో 20 ఏళ్లు దాటిన సాగుభూముల్ని అమ్ముకోనిచ్చారు. 2024లో అక్రమాల ఆరోపణలొచ్చి రిజిస్ట్రేషన్లు ఆపేశారు. నన్నడిగితే నీ వైపే మొగ్గుతాను గానీ, తెల్లకాగితాలతో ముందే కాజేసినవాళ్లని తేల్చకుండా గేటు తెరిస్తే లాభం వాళ్లకే. ఈ ముక్క దగ్గర మీ బావ మాట వినాలి.

అన్నట్టు, మీ బావ కొనాలని చూస్తున్న ఎకరం సంగతి. ఈసీలో (రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్లో) ఏమీ లేదని మురిసిపోవద్దను, తెల్లకాగితం బేరాలు అందులో కనపడవు. ముందు 22ఏ జాబితా, తర్వాత పాత ఆర్‌ఎస్‌ఆర్ (రీ-సెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే పాత సర్వే నాటి భూమి రికార్డు) చూడమను. అందులో సర్కారు భూమి అనుంటే అడ్వాన్సు ఇవ్వొద్దని చెప్పు.

ఉంటాన్రా,
నీ రాంబాబు