చిటికెడు నల్లపొడితో మారిపోయే సుంకం

సంపాదకుడు గారికి,

రబ్బరు దిగుమతుల మీద వార్త వచ్చినప్పుడల్లా కేరళ రైతులు ఒకవైపు, టైర్ల కంపెనీలు ఇంకోవైపు అన్నట్టే రాస్తారు. మధ్యలో మాలాంటి వాళ్లం కూడా ఉన్నాం. మాది బుష్‌లు, గాస్కెట్లు చేసే చిన్న యూనిట్. నెలకు టన్నున్నర సహజ రబ్బరు వాడతాం.

సహజ రబ్బరు మీద దిగుమతి సుంకం 25 శాతం లేదా కిలోకు 30 రూపాయలు, ఏది తక్కువైతే అది. ధర కిలో 120 దాటితే సుంకం 30 దగ్గర ఆగిపోతుంది. 200 ఉన్నప్పుడు నిజానికి పడేది 15 శాతమే. కొనేవాణ్ణి కాబట్టి నేను సంతోషించాలి. కానీ ఆ 30 రూపాయలైనా అందరూ కడుతున్నారా?

ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో మనకున్న వాణిజ్య ఒప్పందంలో సహజ రబ్బరుకు రాయితీ లేదు. అదే రబ్బరులో కాస్త కార్బన్ బ్లాక్ అనే నల్లపొడి కలిపితే మాత్రం కస్టమ్స్ లెక్కలో సహజ రబ్బరు కోడ్ 4001 కాస్తా 4005 అవుతుంది, అంటే కాంపౌండ్ (మిశ్రమ) రబ్బరు. ఈ దారి మూయాలనే 2023 బడ్జెట్‌లో కాంపౌండ్ మీద 10 శాతం ఉన్న సుంకాన్ని సహజ రబ్బరుతో సమానం చేశారు. ఆసియాన్ నుంచి వచ్చే సరుకుకు మాత్రం ఒప్పందం రేటే, అది నామమాత్రం. రబ్బరు ఎక్కువగా పండేదేమో థాయిలాండ్, ఇండోనేసియా, వియత్నాంలలో! వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తీసి పెట్టుకున్నట్టుంది.

మా షెడ్డుకు వచ్చే బ్లాకు 33 కిలోల పైచిలుకు ఉంటుంది. కత్తి తడిపి కోసి, మిల్లు రోలర్ల మీద మెత్తబడ్డాక కార్బన్ బ్లాక్ మేమే కలుపుతాం. సాయంత్రానికి ముక్కుల్లో కూడా నలుపే. అసలు కాంపౌండ్ ఏదో, పేరుకు పొడి చల్లింది ఏదో మా మిల్లు దగ్గరి కుర్రాడు సాగదీసి చూసి చెప్పేస్తాడు. ల్యాబ్‌కు అది పెద్ద పనేం కాదు. గుర్తు కోసం మాత్రమే వేసిన రంగు వల్ల రబ్బరు కాంపౌండ్ అయిపోదని టారిఫ్ నోట్స్‌లోనే ఉంది. కార్బన్ బ్లాక్ లాంటి ఫిల్లర్‌కూ అలాంటి హద్దు ఎందుకు పెట్టరు? కాంపౌండ్‌లో ముడి రబ్బరు 88 శాతం దాటకూడదని చైనా 2015లో ప్రమాణం తెచ్చింది. తర్వాత అక్కడి వ్యాపారులు ఇంకో కోడ్ వెతుక్కున్నారు, అది వేరే సంగతి.

పెద్ద ఎగుమతిదారులకు అడ్వాన్స్ ఆథరైజేషన్ కింద, అంటే ఎగుమతి సరుకు తయారీకి తెచ్చుకునే ముడిసరుకుకు ఇచ్చే మినహాయింపు కింద, సుంకమే ఉండదు. కంటైనర్ తెప్పించే స్తోమత లేని మేము ట్రేడర్ దగ్గర కొంటాం, సుంకం ధరలో కలిసే వస్తుంది. పైగా 2016లో ఈ దిగుమతుల్ని చెన్నై, ముంబై దగ్గరి నవా షేవా రేవులకే పరిమితం చేశారు. విశాఖ రేవు ఉన్నా మాకు ఒరిగిందేమీ లేదు.

బడ్జెట్‌కు ముందు పరిశ్రమ సంఘాలను ఢిల్లీకి పిలిచి మాట్లాడతారు కదా, అక్కడ ఈ శాతం హద్దు సంగతి చర్చకు రావాలి. పెద్ద కంపెనీల ప్రతినిధులు దీన్ని ఎత్తరు, వాళ్లకు అవసరం లేదు. చిన్న యూనిట్ల నుంచి కూడా ఒకరిని పిలవమని మనవి.

ఇట్లు,
రబ్బరు విడిభాగాల యూనిట్ యజమాని,
హైదరాబాద్