సామర్లకోట బొమ్మలు ఇంటికి ఎప్పుడొస్తాయి?

గౌరవనీయులైన సాంస్కృతిక, పర్యాటక శాఖల మంత్రిగారికి,

నమస్కారం. మాది కోరంగి పక్కన పల్లె. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రోడ్లు, కాలవల అర్జీల మధ్య నాది వింతగా కనిపిస్తుందేమో. నేను అడుగుతున్నవి మొక్కల బొమ్మలు.

1781లో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా సామర్లకోట వచ్చాడు. తోట వేశాడు, మిరియాలు పండించి చూశాడు, ఈ తీరంలో దొరికిన మొక్కనల్లా మన చిత్రకారుల చేత రంగుల్లో గీయించాడు. 1787 ఉప్పెనలో కాగితాలన్నీ పోతే మళ్లీ మొదటినుంచి పట్టుకున్నాడు. ఆ ఓపికకు దండం పెట్టాలి. 1793లో ఆయన కలకత్తాలోని కంపెనీ వృక్షశాస్త్ర తోటకు వెళ్లాడు, బొమ్మలూ వెళ్లాయి. అక్కడ గీయించినవీ కలిపి రెండున్నర వేలకు పైగా చిత్రాలు ఈనాడు హౌరాలోని కేంద్ర జాతీయ హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే సంస్థ) ఉన్నాయి. లండన్‌లోని ‘క్యూ’ అనే వృక్షశాస్త్ర తోటలో మరో ప్రతి ఉంది. వాటిలో 300 బొమ్మలు 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. అట్టమీద దొరగారి పేరుంది. కుంచె పట్టినవారి పేరు లేదు.

మొదటి సంపుటంలోనే చిరివేరు ఉంది. సముద్రపు ఒడ్డు ఇసుకలో పెరిగే చిన్న మొక్క. పటిక పట్టించిన నూలుబట్టకు దీని వేరుతో ఎర్రరంగు ఎక్కించేవారు. తెలుగు పేరు అచ్చులో ‘చెరి-వెల్లో’ అయింది. పాపం, ఆయన చెవికి అలా వినపడింది! ఆ బొమ్మను ఫోనులో మా ఊరి పెద్దాయనకు చూపించాను. కళ్లు చిట్లించి చూసి, “చిరివేరు. పువ్వుదేముంది, సరుకంతా వేరులోనే కదా” అన్నాడు. ఆయన చదువుకోలేదు.

ఆ తోట ఎక్కడుండేదని ఒక కార్యాలయంలో అడిగితే, “ఏ నర్సరీ అండీ?” అన్నారు. వారిని తప్పుపట్టను. చెప్పే బోర్డు ఒక్కటీ లేదు మరి.

అసలు బొమ్మలు వెనక్కి ఇమ్మని నేను అడగడం లేదు. చెమ్మగాలిలో వాటిని దాచడం మన వల్ల కాదు. కేంద్రానికి ఒక లేఖ రాసి, గోదావరి, కోరమండల్ తీరపు మొక్కల చిత్రాలకు మంచి నకళ్లు తెప్పించండి. సామర్లకోట గ్రంథాలయంలో ఒక గోడ చాలు. ఒక్కో బొమ్మ కింద తెలుగు పేరు సరిదిద్ది రాయించండి. ఆ పని కార్యాలయంలో కూర్చుంటే కాదు. మడ అడవిలో చేపల వేటకు వెళ్లేవారిని, పల్లె వైద్యులను అడగాలి.

ఈ సంవత్సరమే అడగాలి. మా పెద్దాయనకు 84 ఏళ్లు.

ఇట్లు,
కోరంగి ప్రాంతపు విశ్రాంత ఉపాధ్యాయుడు