పత్తర్‌గట్టీ ముత్యాలు

బుజ్జమ్మకు అమ్మ దీవెనలు.

ఆదివారం ఫోనులో నీ మాటకు నేను జవాబు చెప్పేలోపే మీ నాన్నగారు ఫోను అందుకుని నీ జీతం, నీ తిండి, నీ నిద్ర మొదలుపెట్టారు. అందుకే ఈ ఉత్తరం.

జనవరి 15న అక్కడ అమెరికాలో మీ ఆఫీసుకు ఆ పెద్దావిడ గులాబీ, ఆకుపచ్చ రంగు బట్టల్లో, మెడలో ముత్యాలతో వచ్చిందన్నావు. లిఫ్టులో ముక్కూమొహం తెలియని ఇంకొకావిడ ఆమెను చూడగానే ‘స్కీ-వీ’ అని సన్నగా కూత పెడితే, ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారన్నావు. “మన కుల సంఘాల కార్తీక వనభోజనాలే గుర్తొచ్చాయమ్మా. రాజకీయ నాయకులకు ఇదంతా ఒక వేషం” అన్నావు. ఆ పోలిక నాకు గుచ్చుకుంది. అందులో నిజం లేదనను, సగమే ఉంది.

ఆ రోజు ఆల్ఫా కప్పా ఆల్ఫా పుట్టినరోజు. 1908లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థినులు పెట్టుకున్న సంఘం అది. మొదటి 20 మందిని ముత్యాలని పిలుచుకుంటారు. మెడలో దండ అందుకే. తెల్లవాళ్ళ సంఘాల్లోకి వాళ్ళను రానిచ్చే కాలం కాదు. తోటలో పనసపొట్టు కూర వడ్డిస్తూ ఎవరిని పిలవకూడదో లెక్క చూసుకునేవాళ్ళూ, ఎక్కడా పిలుపు లేక సొంత పందిరి వేసుకున్నవాళ్ళూ ఒకటేనా? ఆ పందిరి కిందా చదువుకున్న కొద్దిమంది గొప్పలే ఎక్కువని విసుక్కునే నల్లజాతివాళ్ళు ఉన్నారు, ఆ మాటా కాదనను.

నాకు నచ్చిన సంగతి మాత్రం వేరే. 1935లో ఆ సంఘం ఆడవాళ్ళు, డాక్టర్లు, నర్సులు, టీచర్లు, ఎండాకాలం సెలవుల్లో మిసిసిపీ పత్తి చేల దగ్గరికి వైద్యం చేయడానికి వెళ్ళారు. కౌలు కూలీలను పని వదిలి ఆసుపత్రికి పోనివ్వడం భూస్వాములకు ఇష్టం లేదు. అప్పుడు వీళ్ళు మందులన్నీ తమ కార్లలో వేసుకుని చేల మధ్యకే వెళ్ళి పిల్లలకు మశూచికి, డిఫ్తీరియాకు టీకాలు వేశారు. ముప్పై ఏళ్ళు టీకాల పెట్టె భుజాన వేసుకుని పొలం గట్ల మీద నడిచినదాన్ని కదా, “కూలి పోతుంది, పిల్లను తీసుకురాలేనమ్మా” అన్న మాట నేనూ ఎన్నిసార్లో విన్నాను. ఆ కార్ల సంగతి చదివినప్పుడు అవతల ఉన్నది నా తోటి ఉద్యోగులే అనిపించింది.

ఇక రాజకీయం. హోవర్డ్‌లోనే చదివి ఆ సంఘంలో చేరిన కమలా హ్యారిస్, 2020 ఆగస్టులో అమెరికా ఉపాధ్యక్ష పదవికి నామినేషన్ అందుకుంటూ తన కుటుంబం ఎవరో చెప్పింది. మామయ్యలు, అత్తయ్యలు, ‘చిత్తి’లు అంది. తమిళంలో పిన్ని అని. మన టీవీలన్నీ ఆ ఒక్క మాట పట్టుకుని పండగ చేసుకున్నాయి. కొద్ది క్షణాలకే, తన కుటుంబం ఆల్ఫా కప్పా ఆల్ఫా అని, అలాంటి తొమ్మిది నల్లజాతి సంఘాలని, నల్లజాతి కళాశాలల్లో చదివిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళని కూడా అంది. అది మన చెవిన పడనే లేదు. 2021 జనవరి 20 రాత్రి ఆమె ప్రమాణస్వీకారం చూస్తూ, “మెడలో ముత్యాలు అచ్చం మన హైదరాబాద్‌వే!” అని మురిసిపోయాను నేను. ఆమె ప్రమాణం చేసిన రెండు బైబిళ్ళలో ఒకటి, హోవర్డ్‌లోనే న్యాయశాస్త్రం చదివి, సుప్రీంకోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తి అయిన థర్‌గుడ్ మార్షల్‌ది. తెలిసినవాళ్ళకు ఆ రోజు ఒక్కో వస్తువూ మాట్లాడింది. నాకు నగ కనిపించింది.

వేషాలు లేవా అంటే ఉన్నాయి. అదే 2020 జూన్‌లో, పోలీసు మెడ మీద మోకాలు మోపి జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని చంపిన తర్వాత, డెమోక్రాట్ నాయకులు ఘనా దేశపు కెంటే కండువాలు వేసుకుని పార్లమెంటు భవనంలో, ఆ మోకాలు అతని మెడ మీద ఉందని అప్పట్లో చెప్పిన 8 నిమిషాల 46 సెకన్లూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. కండువాలు ఇచ్చింది నల్లజాతి సభ్యుల బృందమే. అయినా ఎంతోమంది నల్లజాతివాళ్ళు మొహం చిట్లించుకున్నారు. నాకూ అది ఎన్నికల ముందు మన నాయకులు గొంగళి కప్పుకుని డప్పు కొట్టినట్టే ఉంది.

కానీ ఆ ఫోటో చూడు. 2009లో ఒబామా గదిలో, టై కట్టుకున్న ఐదేళ్ళ నల్లజాతి పిల్లవాడు “మీ జుట్టు కూడా నా జుట్టులాగే ఉంటుందా?” అని మెల్లగా అడిగాడు. ముట్టుకుని చూడమని అధ్యక్షుడు నడుము వంచి తల ముందుకు పెట్టాడు. పిల్లవాడి అరచెయ్యి ఆయన నెత్తి మీద ఉంది. వైట్‌హౌస్ గోడల మీద ఫోటోలు తరచూ మార్చేవారట, ఇది మాత్రం ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. దీన్నీ వేషమంటావా?

ముత్యాలు ఓట్లు రాల్చవులే. 2024 నవంబరులో, కమల అధ్యక్ష పదవికి పోటీ చేసిన ఎన్నికల రాత్రి, జనం హోవర్డ్ ఆవరణలోనే ఎదురుచూశారు. కమల ఆ రాత్రి రానే లేదు. మర్నాడు అక్కడికే వచ్చి ఓటమి ఒప్పుకుంది.

మీ ఆఫీసు పెద్దావిడ తీరికగా దొరికితే, వాళ్ళ అమ్మగారు కూడా ఆ సంఘంలో ఉండేవారా అని అడుగు. ‘స్కీ-వీ’ అని మాత్రం నువ్వు అనకు, అది వాళ్ళలో వాళ్ళు పిలుచుకునే పిలుపు. మీ నాన్నగారు హైదరాబాద్ పత్తర్‌గట్టీలో కొన్న నా ముత్యాల దండ బీరువాలో నీకోసమే ఉంచాను. సంక్రాంతికి వచ్చినప్పుడు తీసుకువెళ్ళు. జనవరి 15న మాత్రం ఆ గులాబీ రంగు గద్వాల చీర మీద వేసుకుని ఆఫీసుకు వెళ్ళకు.

ఉంటాను,
అమ్మ